బోర్లించిన మూకుడు

ఓబులేసు చీమను కూడా తొక్కేవాడు కాదు. ఆ మాట నలుగురూ అంటుంటే లోలోపల మురిసిపోయేవాడు. అందుకే గురువు ఎర్రసామి "ఈ పొద్దు ఎలుకను నువ్వు సిద్ధం చెయ్యిరా" అనగానే వాడి గుండె జారిపోయింది.

కొండ మీది ఆ గుడిసెలో ఉండేది ఇద్దరే, గురువూ శిష్యుడూ. వాళ్ళతో పాటు ఒక కొండచిలువ పిల్ల. ఎండాకాలం కొండగడ్డి అంటుకున్నప్పుడు వీపు కాలి పడివుంటే, సామి ఎత్తుకొచ్చి గంపలో పెట్టి సాకుతున్నాడు. వానలు పడేలోపు దానికి బలం రావాలి. రాకపోతే బతకదు.

పది రోజులకోసారి దానికి తిండి. కుండలో కొర్రలు తిని పెరిగిన ఎలుకల్లో, పాము నడుము కన్నా లావు లేనిదాన్ని సామి ఏరేవాడు. కంబళి మడతలో పట్టి, మెడ మీద ఒక్క నొక్కు. ఎలుకకు తెలిసేలోపే అయిపోయేది. తర్వాత కత్తిమొనతో తోలు మీద రెండు మూడు గాట్లు పెట్టేవాడు, పాము కడుపుకు అరిగించుకునే సత్తువ లేదని. చల్లారితే ముట్టదని రెండు అరచేతుల మధ్య దాచి పట్టుకునేవాడు.

అలా పాముకు తిండి పెట్టిన ప్రతి రోజూ లింగమ్మవ్వ ఊళ్ళోంచి సంకటి తెచ్చేసరికి సామి తినే మూకుడు బోర్లించి ఉండేది.

"మళ్ళీ పస్తేనా! ఏం మొక్కు సామీ ఇది, ఎప్పటికీ తీరదు? నేను కొండెక్కి మోసుకొచ్చేది ఎవరికి?" అని అవ్వ సణిగేది. ఓబులేసు కూడా ఏదో మొక్కే అనుకున్నాడు.

ఇప్పుడు వయసు మీదపడి సామి చేతులు వణుకుతున్నాయి. నొక్కు సరిగ్గా పడటం లేదు.

"నా వల్ల కాదు సామీ. నా చేత్తో ప్రాణం తియ్యలేను."

"పాము ఎండిపోవాలా మరి?"

ఓబులేసు కంబళి మడిచి పక్కన పెట్టేశాడు.

సామి వేర్లు తవ్వుకురావడానికి వెళ్ళాక వాడికి ఒక ఉపాయం తట్టింది. బతికున్న ఎలుకనే గంపలో వేసి మూత పెట్టేశాడు. చంపితే పామే చంపుతుంది, ఆ పాపం నాకంటదు అనుకున్నాడు. చేతులు కడుక్కుని, ఊట దగ్గర కళ్ళు మూసుకుని జపానికి కూర్చున్నాడు.

మధ్యాహ్నం సామి వచ్చి మూత తీశాడు.

పాము ముద్దలా ముడుచుకుపోయి ఉంది. కాలిన వీపు మీద అక్కడక్కడా పంటిగాట్లు. ఒక కన్ను పోయింది. ఎలుక ఒక మూలకు నక్కి గజగజా వణుకుతోంది. దాని మూతికి నెత్తురు.

సామి తిట్టలేదు. ఎలుకను తీసి కుండలో వదిలాడు. పాము గాయాలకు పసుపు అద్దాడు. తర్వాత శిష్యుడి వైపు తిరిగాడు.

"చేతులు చూపించు."

ఓబులేసు చూపించాడు. సామి వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగా కడుక్కున్నావురా," అన్నాడు.

ఆ తర్వాత వారం రోజులు పాము అలాగే పడుంది, రోజురోజుకీ సన్నబడుతూ. ఎనిమిదో రోజు పొద్దున్నే ఓబులేసే కంబళి పట్టుకొచ్చి సామి ముందు కూర్చున్నాడు.

"ఎక్కడ నొక్కాలో చూపించు సామీ."

సామి వణికే వేలు చాచి ఓబులేసు మెడ వెనక, ఎముక కింద ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు. ఆ వేలి కింద తన నాడి కొట్టుకోవడం ఓబులేసుకు తెలిసింది.

"ఇక్కడ," అన్నాడు సామి. "కళ్ళు మూసుకోకు."

ఓబులేసు మూసుకోలేదు. కంబళి మడతలో ఎలుకను పట్టాడు. ఒక్క నొక్కు. కత్తిమొనతో గాట్లు పెట్టాడు. తర్వాత ఎలుకను రెండు అరచేతుల్లో పెట్టుకుని గంప దగ్గర కూర్చున్నాడు. చాలాసేపటికి పాము నాలుక ఆడించింది. ఉన్న ఒక్క కన్నూ వాడి వైపు తిప్పింది. నెమ్మదిగా నోరు తెరిచింది.

లింగమ్మవ్వ వచ్చేసరికి గడప పక్కన రెండు మూకుళ్ళు బోర్లించి ఉన్నాయి.

"ఓరి నాయనా, నీకేం మొక్కురా?"

ఓబులేసు అరచేతులు చూసుకున్నాడు. అవి ఇంకా వెచ్చగానే ఉన్నాయి.