మోకాటిలోతు పాయ

పేరమ్మగారికి ఒక అలవాటు ఉండేది. అడిగిన ప్రశ్నకు అడిగిన రోజున జవాబు చెప్పేవారు కాదు. ప్రశ్న వినేవారు, తల ఊపేవారు, ఆ తర్వాత అడిగినవారిని ఏదో ఒక పనికి తోడు రమ్మనేవారు. చిక్కుడు పాదుకు పందిరి వేయడానికో, పాక మీద గడ్డి మార్చడానికో. గోదావరి గట్టున ఉన్న ఆమె పెంకుటింటికి సెలవు రోజుల్లో వచ్చి గీత చెప్పించుకునే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. కొందరు పనికి జడిసి ప్రశ్నలడగడమే మానేశారు.

హైమవతి మాత్రం ఒక శనివారం సాయంత్రం అడిగేసింది.

"అమ్మా, డాక్టరుగారు బరువు తగ్గమన్నారు, రోజూ నడవమన్నారు. నేను నడవడం లేదు. రెండు పూటలా అన్నం మానేసి షేకు తాగుతున్నాను. పొడి కలుపుకోవడం, తాగడం, అంతే. తగ్గుతున్నాను కూడా. కాలు కదపకుండానే పని జరుగుతుంటే ఇంకా నడువు నడువు అంటారేమిటి అందరూ? ఇందులో తప్పేముంది?"

పేరమ్మగారు వత్తులు చేసుకుంటున్నారు. చేతిలోని పత్తి పక్కన పెట్టి హైమవతిని కాస్సేపు చూశారు.

"తప్పని నేనన్నానా? ఈ పూటకి ఇక్కడే పడుకో. తెల్లారి లంకలో ఒంటరిగా ఉండే సూరమ్మకి జావ పట్టుకెళ్ళాలి. నాలుగు రోజులై దానికి జ్వరం. తోడు వద్దువుగాని."

హైమవతిది రాజమండ్రి. ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటు. ఆమెకు ఒక్కతే అక్క, వసుంధర. పక్క వీధిలోనే ఉండేది. పెళ్ళిళ్ళై, పిల్లలు పెద్దవాళ్ళై, ఇద్దరి జుట్టూ నెరిసినా పొద్దున్నే గోదావరి గట్టు మీద కలిసి నడవడం మాత్రం మానలేదు. నడక అంటే నడకా కాదు. అక్క భారీ మనిషి. మెల్లగా నడిచేది. ప్రతి రేవు దగ్గరా ఆగి ఎవరినో పలకరించేది. హైమవతి గబగబా ముందుకు పోయి, వెనక్కి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని విసుక్కునేది. "తొందరేమిటే, గోదారి ఎక్కడికీ పోదు" అనేది అక్క.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం అక్క గుండె ఆగిపోయింది. అపార్ట్‌మెంటులో ఆ రోజు లిఫ్టు పనిచేయలేదు. నలుగురు మగవాళ్ళు ఆయాసపడుతూ ఆమెను మెట్లు దింపుతుంటే, వాళ్ళలో ఒకరు గోడకు చేరగిలబడి, "బరువండీ బాబూ, మహా బరువు" అన్నారు. పాపం, ఆయన చెడ్డగా అనలేదు. కాని ఆ మాట హైమవతి చెవిలో ఉండిపోయింది. అప్పటికి ఆమె కూడా బరువులో అక్కకేమీ తీసిపోయేలా లేదు.

కర్మకాండలు ముగిసిన వారానికే ఆమె పొడి డబ్బా తెప్పించుకుంది. పొద్దున ఒక గ్లాసు, రాత్రికి ఒక గ్లాసు. వెనిలా వాసన వేసే చిక్కటి తెల్లటి ద్రవం. భర్త ప్రభాకరం బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని చారన్నం తింటుంటే, ఆమె వంటింటి గట్టు దగ్గర నిలబడే తాగేసి గ్లాసు కడిగేసేది. జాకెట్లు వదులయ్యాయి. ఉంగరం వేలి మీంచి జారింది. చూసినవాళ్ళు, "ఎంత సన్నబడ్డావే" అంటుంటే ఆమెకు భయం కొంచెం కొంచెంగా తగ్గుతున్నట్టుండేది. మెట్లెక్కితే మోకాళ్ళు వణికేవి గాని, వయసులే అనుకునేది. ఆటో గట్టు వైపు వీధిలోకి తిరిగితే మాత్రం తల పక్కకు తిప్పుకునేది. ఎందుకని తనను తాను అడిగింది లేదు.

తెల్లవారేసరికి ఏటి మీద మంచు దిగి ఉంది. నీళ్ళు ఎక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియని తెలుపు. గట్టుకూ లంకకూ మధ్య ఉన్న పాయలో ఆ రోజుల్లో నీళ్ళు మోకాటిలోతే. లంకలో కూరపాదులు పెట్టుకున్నవాళ్ళు నడిచే దాటుతారు. ఫోను తడుస్తుందని హైమవతి దాన్ని పేరమ్మగారింట్లోనే వదిలి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, జావ గిన్నె చంకన పెట్టుకుని దిగింది. పేరమ్మగారు ఆమె మణికట్టు పట్టుకున్నారు. కాళ్ళ కింద ఇసుక నిద్రలో ఒత్తిగిల్లే మనిషిలా మెల్లగా కదులుతోంది. ఎక్కడో ఏటి పిట్ట ఒకటి కూసి, తన కూతకు తనే ఉలిక్కిపడినట్టు ఆగిపోయింది. నడి పాయలో నీటి తోపుడుకు హైమవతి రెండుసార్లు తూలింది. పేరమ్మగారు ఆగి, మళ్ళీ నడిచారు.

అవతల మంచులోంచి సూరమ్మ పాక ముందుగా వాసనగా వచ్చింది, తడిసిన గడ్డి వాసన, ఆరిన పొయ్యి వాసన. ఆ తర్వాతే కంటికి ఆనింది. సూరమ్మ పాక ముందు నేల మీద పడి ఉంది. నీళ్ళకని చీకటితోనే లేచి, కళ్ళు తిరిగి పడిందట. చలికి పెదవులు నల్లబడ్డాయి.

"వచ్చావా తల్లీ... కాలు కదలట్లేదే, తుంటి పోయిందే" అంది పేరమ్మగారిని చూసి.

హైమవతి గిన్నె పక్కన పెట్టి పరుగున వెళ్ళింది. సూరమ్మ పిట్టంత మనిషి. ఆమె చంకల కింద చేతులు పోనిచ్చి లేపబోయింది. భుజాలు కూడా నేల విడవలేదు. మళ్ళీ పట్టింది. పట్టు జారింది, కళ్ళ ముందు చుక్కలు తేలాయి, తనే పక్కన కూలబడింది. చెయ్యి తనదే, కాని అందులో తను లేనట్టుంది.

"ఉండు, దాన్ని కదపకు" అన్నారు పేరమ్మగారు. తమ శాలువా తీసి సూరమ్మకు కప్పారు. "మంచం కావాలి, నలుగురు మనుషులు కావాలి. గట్టు మీద పడవల రేవు దగ్గర ఉంటారు. నేను దీన్ని కాచుకుని ఉంటాను. నువ్వు వెళ్ళిరా."

"ఒక్కదాన్నా?"

పేరమ్మగారు అప్పటికే సూరమ్మ అరికాళ్ళు రుద్దుతున్నారు.

హైమవతి పాయలో దిగింది. ఈసారి మణికట్టు మీద చెయ్యి లేదు. కొంతదూరం పోయి వెనక్కి తిరిగితే లంక లేదు, ముందు గట్టు లేదు. అంతా తెలుపు. నీళ్ళు మోకాళ్ళ మీదికి వచ్చాయి. నెలల తరబడి ఆమె పోగొట్టుకున్న బరువు ఒకప్పుడు తనను నేలకు ఆనించి ఉంచేదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఏరు ఆమెను గడ్డిపోచను తోసినట్టు తోస్తోంది, ఎదురు నిలవడానికి కాళ్ళలో సత్తువ లేదు. ఒక అడుగు జారింది. నడుం దాకా మునిగింది. చన్నీళ్ళకు ఊపిరి ఆగి, నోటివెంట ఒకే మాట వచ్చింది.

"అక్కా!"

మంచు ఆ పిలుపును తీసుకుని తిరిగి ఇవ్వలేదు.

అక్క పోయిన రోజున ఆమె ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కాఫీలు పంపింది, పురోహితుడికి ఫోన్లు చేసింది. ఇప్పుడు నడి పాయలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, అవతల నేల మీద పడి ఉన్న మనిషి గుర్తొచ్చి, కాలు ఇసుకలోంచి పీక్కుంది. తొందరపడితే పడిపోతున్నది. అందుకని మెల్లగా నడిచింది. ఒక పాదం ఊని, ఇసుక కుదురుకునేదాకా ఆగి, రెండో పాదం. అలా నడుస్తుంటే ఆ నడక తనది కాదని, తను విసుక్కున్న నడక అని ఒంటికి ముందు తెలిసింది, మనసుకు ఆనక తెలిసింది. ఎడమ పక్కన, ఎప్పుడూ ఉండే చోట, నీటిలో మరో జత కాళ్ళు కదిలిన చప్పుడు విన్నట్టే ఉంది. ఆమె తల తిప్పి చూడలేదు. చూస్తే ఉండదేమోనని భయం. అలాగే నడుస్తూ ఉంటే, మంచులోంచి ముందు ఒక పడవ ముక్కు, దాని వెనక గట్టు బయటపడ్డాయి.

రేవులో వల సర్దుకుంటున్న మనుషులు ఆమె వాలకం చూసి లేచి నిలబడ్డారు. సంగతి చెప్పగానే నులక మంచం ఒకటి భుజాన వేసుకుని పాయలో దిగారు. పేరమ్మగారింటికి పోయి హైమవతి ఫోనులో అంబులెన్సును పిలిచింది. పొద్దు ఎక్కకముందే సూరమ్మ ఆస్పత్రిలో ఉంది. తుంటి ఎముక చిట్లింది, ఆపరేషను చెయ్యాలి, ప్రాణానికి భయం లేదు అన్నారు డాక్టర్లు. ఇంకాసేపు ఆ చలిలో ఉంటే ఏమీ చెప్పలేకపోయేవాళ్ళమని కూడా అన్నారు.

సాయంత్రం హైమవతి పేరమ్మగారి అరుగు మీద కూర్చుంది. కాళ్ళు ఇంకా సలుపుతున్నాయి. పేరమ్మగారు పెరుగన్నం కలిపి, మాగాయ ముక్క వేసి చేతికిచ్చారు. తనకొక గిన్నె తెచ్చుకుని పక్కనే కూర్చున్నారు. హైమవతి పేచీ పెట్టకుండా తింది. ఒకరి పక్కన కూర్చుని అన్నం తిని ఎన్నాళ్ళైందో ఆమెకు గుర్తు రాలేదు.

"అమ్మా, ఆ పొడి మానెయ్యమంటారా?"

"అది మీ డాక్టరుగారిని అడుగు. నాకేం తెలుసు పొడి సంగతి?"

ఏటి మీద వెలుగు పలచబడుతోంది.

"పాయలో భయమేసి మా అక్కని పిలిచానమ్మా" అంది హైమవతి, గిన్నెలోకి చూస్తూ.

"పలికిందా?"

"పలకలేదు." తన ఎడమ పక్కకు చూసి మళ్ళీ అంది. "నడిచింది."

పేరమ్మగారు గిన్నె కింద పెట్టారు.

"అయితే పొద్దున పూట ఆవిణ్ణి ఇంక ఇంట్లో కూర్చోబెట్టకు" అన్నారు.