గేదెనెక్కిన గంధర్వుడు విడుదలైన విధం

తణుకులో తెలివంటూ ఉంటే అది తన ఇంట్లోనే ఉందని పేర్రాజుకి గట్టి నమ్మకం. నిజమే కావచ్చు. ఆ ఇంట్లోంచి తెలివి బయటికి రావడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు మరి. ఇంట్లో ముగ్గురు: పేర్రాజు, భార్య మాణిక్యాంబ, తమ్ముడు సోమరాజు. ముగ్గురూ కలిసి 'మూడు బుర్రల ప్రచురణలు' అని బోర్డు కట్టి బొమ్మల కథల పుస్తకాలు వేస్తున్నారు. మాణిక్యాంబ కథ చెబుతుంది, సోమరాజు బొమ్మలు గీస్తాడు, పేర్రాజు ఆలోచిస్తాడు.

"పెద్ద కంపెనీలకి పైన బోలెడుమంది పెత్తందార్లు. మనం స్వతంత్రులం. ఎవరి మాటా వినం. విన్నామా, అక్షరం పొల్లు పోనివ్వం," అనేవాడు పేర్రాజు మీసం దువ్వుకుంటూ.

ముందు వేసిన రెండు పుస్తకాలూ మంచం కింద నిద్రపోతున్నాయి. ఇది మూడోది, 'గేదెనెక్కిన గంధర్వుడు'. శాపం తగిలి వరిచేలో పడిన గంధర్వుడు గేదె మీద ఊరూరా తిరిగి తన వీణ వెతుక్కునే కథ. సోమరాజు ఏడాది పైన కూచుని గీశాడు. బొమ్మలు నిజంగా బాగున్నాయి. అదే ఇందులో విచారం. ఇది కూడా అమ్ముడుపోకపోతే అల్లుణ్ణి తీసుకుపోయి రైసుమిల్లులో కూచోబెడతానని సోమరాజుకి కాబోయే మామగారు కబురంపాడు. అది తల్చుకుంటే పేర్రాజుకి ముద్ద దిగడం లేదు.

రాజమండ్రిలో పుస్తకాల షాపు వెంకటరత్నం గారికి ఫోన్ చేశాడు.

"ఏముందండీ పేర్రాజుగారూ! కొత్త పుస్తకం వస్తోందని ముందు ఓ నలుగురి చెవిన వెయ్యండి. మిగతాది దానంతటదే జరుగుతుంది," అన్నారాయన.

అంతే! 'గంధర్వుడు వస్తున్నాడు' అని సోమరాజు చీటీలు రాశాడు. మాణిక్యాంబ వాటిని వత్తుల్లా చుట్టింది. నలుగురంటే నలుగురే, ఐదోవాడి జోలికి పోలేదు. మంగలి షాపులో కళ్ళు మూసుకుని కూచున్నాయన చెవిలో ఒకటి దూర్చారు. ఆఖరిది బ్యాంకు ముందు బల్ల మీద కునుకు తీస్తున్న తాతగారికి దక్కింది.

"జనం ఏమన్నారండీ?" అని అడిగారు వెంకటరత్నం గారు.

"ముగ్గురు తిట్టారండి. నాలుగో ఆయనకి ఒక చెవి ముందే వినపడదుటండి. మేం రెండో దాంట్లో వేశాం. ఆయన మాత్రం పల్లెత్తు మాట అనలేదండి. మేం ఎందుకొచ్చామో ఆయనకి తెలిస్తే కదండీ!"

"అయ్యో నా రాత! అలా కాదండీ బాబూ. వార్త ఊరంతా గుప్పుమనాలి, గుప్పుమని!"

పేర్రాజు ఫోన్ పెట్టేసి ఇంట్లోవాళ్ళని పిలిచాడు. "గుప్పుమనాలంట."

"మల్లెపూలు తెద్దామా అన్నయ్యా?"

"మల్లెపూలు వీధి మలుపు కూడా దాటవయ్యా. ఊరంతా అంటే ఎండుచేపలే," అంది మాణిక్యాంబ. ఆవిడది నరసాపురం దగ్గర. చేపల సంగతి ఆవిడకి ఒకరు చెప్పాలా!

ఇంకేముంది! అచ్చయి వచ్చిన కట్టలు విప్పి, ప్రతి పుస్తకం నడిమధ్యలో ఓ ఎండుచేప పెట్టి, రిక్షాలో వేసి ఊరంతా తిప్పారు. ముక్కు మూసుకోని మనిషి లేడు. పిల్లులు మాత్రం రిక్షా వెనక ఊరేగింపుగా నడిచాయి. "ఎక్కడిదిరా ఈ కంపు?" అని ఎవరరిచినా, "మా కొత్త పుస్తకానిదండీ!" అని పేర్రాజు రొమ్ము విరుచుకుని చెప్పాడు.

ఆ మాట ఏలూరులో శేషగిరి దాకా పోయింది. ఆయన పత్రికలో పుస్తకాల మీద రాస్తాడు. ఆ కలానికి జాలి లేదని పేరు. ఆయనే ఫోన్ చేశాడు.

"మీ పుస్తకం కంపని ఊరంతా అంటున్నారే! రేపొస్తున్నా. ఉతికి ఆరేస్తా."

పేర్రాజు కళ్ళు చెమర్చాయి. "విన్నావా మాణిక్యం! అంత పెద్దమనిషి బస్సెక్కి వచ్చి మన పుస్తకాలు ఉతుకుతాడంట!"

"తప్పండీ, పాపం. ఇంటికొచ్చిన మనిషి చేత బట్టలే ఉతికించుకోం. ఆయనొచ్చేలోగా మనమే ఉతికేద్దాం."

అంతే! గంగాళం నిండా నీళ్ళు పోశారు, సబ్బు కలిపారు. మాణిక్యాంబ పుస్తకాల్ని బండ మీద బాదింది, సోమరాజు పిండాడు, పేర్రాజు ఆరేశాడు. నీళ్ళు ముందు నీలంగా, తర్వాత ఎర్రగా, ఆఖరికి ఏ రంగో చెప్పలేనట్టు పారాయి. సోమరాజు చేతిలో ముద్దని విప్పి చూసుకున్నాడు. గంధర్వుడు లేడు.

"అన్నయ్యా, గేదె తెల్లబడి ఆవైపోయింది."

"మంచిదేగా, పుణ్యం," అన్నాడు పేర్రాజు. అన్నాడు గానీ తమ్ముడి మొహం వంక చూడలేకపోయాడు.

సోమరాజు చేత్తో గీసిన అసలు బొమ్మలు వేలిముద్రలు పడి ఇంకా మురిగ్గా ఉన్నాయని, వాటినీ అదే నీళ్ళలో జాడించేశారు. కట్టలు విప్పినప్పుడే బల్ల కిందకి జారిన ఒక్క పుస్తకం మాత్రం మిగిలింది. అది కంటపడేసరికి సబ్బు అయిపోయింది.

సంగతి విని వెంకటరత్నం గారు నెత్తి కొట్టుకున్నారు. తర్వాత నీరసంగా అన్నారు: "ఆ ఒక్కటీ శేషగిరి చేత చదివించండి. బొమ్మలు బాగుంటాయి. పుస్తకం ఆయన్ని కట్టిపడేసిందా, మీరు గట్టెక్కినట్టే."

శేషగిరి వచ్చాడు. దండేనికి వేలాడుతున్న కాగితపు పీలికల్ని తప్పించుకుంటూ లోపలికొచ్చాడు. పడక్కుర్చీలో కూచుని మిగిలిన పుస్తకం తెరిచాడు. ముందు విసుగ్గా తిప్పాడు, తర్వాత నెమ్మదిగా. ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. గంధర్వుడు గేదె చెవిలో తన వీణ గురించి చెప్పుకునే బొమ్మ దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కి తిప్పి చూశాడు. ఇంకొకడెవడైనా ఆయన అలా మునిగిపోవడం చూసి దేవుడికి దణ్ణం పెట్టుకుని ఊరుకునేవాడు.

"ఇంతసేపయినా కట్టిపడెయ్యలేదే!" అని గుసగుసలాడాడు పేర్రాజు.

"దానికి చేతులున్నాయేంటండీ? మనమే సాయం పట్టాలి," అని మాణిక్యాంబ దండెం తాడు విప్పుకొచ్చింది.

ఇంకేముంది! అన్నదమ్ములిద్దరూ ఆయన్ని కుర్చీతో సహా చుట్టేశారు. కట్టడం అయింది, ఇక పడెయ్యడం మిగిలింది. పరుపు పరిచి, మర్యాదగానే పడేశారు.

"ఒరేయ్, ఏం చేస్తున్నార్రా!" అని శేషగిరి కాసేపు అరిచాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "సరే, ఆ వీణ దొరికిందో లేదో... పేజీ తిప్పండి," అన్నాడు. సోమరాజు పక్కన చతికిలబడి ఆఖరిదాకా తిప్పాడు.

ఆదివారం పత్రికలో శేషగిరి ఇలా రాశాడు: "కట్టిపడేసిందని ఇదివరకు చాలా పుస్తకాల గురించి రాశాను. అవన్నీ అబద్ధాలు. ఈ పుస్తకం నన్ను నిజంగా కట్టిపడేసింది." చదివినవాళ్ళు 'ఎంత బాగా చెప్పాడు!' అనుకున్నారు. పుస్తకం కావాలని కాకినాడ నుంచి, గుంటూరు నుంచి కూడా ఫోన్లు మోగాయి.

వెంకటరత్నం గారు సంతోషం పట్టలేక ఫోన్ చేశారు. "పేర్రాజుగారూ! అచ్చు ఖర్చంతా నాది. మీ తమ్ముడు ఇక మిల్లు మొహం చూడక్కర్లేదు. రేపు పొద్దున్నే వస్తున్నా. ఆ పుస్తకాన్ని మార్కెట్లోకి వదిలామా, ఇక దానికి తిరుగుండదు!"

పేర్రాజు ఆ మాట ఇంట్లో దిగులుగా చెప్పాడు. "తిరుగుండదంట. అంటే ఇక తిరిగి రాదు."

"పెద్దాయన్ని అంత దూరం నుంచి రప్పించి ఆయన చేత వదిలించడం ఏం బాగుంటుందండీ? మనమే వదిలేద్దాం," అంది మాణిక్యాంబ కళ్ళొత్తుకుని.

అంతే! అట్ట మీద గంధర్వుడికి బొట్టు పెట్టి, గేదెకీ పెట్టి, ముగ్గురూ కూరగాయల మార్కెట్‌కి వెళ్ళారు. వంకాయల గుట్టకీ దోసకాయల గుట్టకీ మధ్య పుస్తకాన్ని దించారు. అది కదల్లేదు.

"వెళ్ళమ్మా," అన్నాడు సోమరాజు.

"మనం చూస్తుంటే సిగ్గుపడుతోందిరా," అని పేర్రాజు ఇద్దరినీ వెనక్కి తిప్పుకుని, వెనుదిరిగి చూడకుండా ఇంటికి నడిపించాడు.

మర్నాడు పొద్దున్నే వెంకటరత్నం గారు దిగారు. "ఏదండీ పుస్తకం?"

"నిన్ననే వదిలేశామండి, మార్కెట్లో."

ఆయన గుమ్మంలోనే కూలబడిపోయారు. పేర్రాజు పక్కన కూచుని ఆయన వీపు నిమిరాడు.

"బెంగపెట్టుకోకండి. తిరుగుండదని మీరన్నారు గానీ, ఎందుకైనా మంచిదని మేం వీధి తలుపు తీసే ఉంచామండి."