తలుపు పైన బల్బు

"సాయంత్రమైతే మా ఇంట్లో ఏదో అయిపోతోంది తాతా," అన్నాడు మౌలాలి.

మదారు తాత ఒళ్ళో ఉన్న పరుపు అంచు కుట్టుకుంటూ కూర్చున్నాడు. నంద్యాల పక్కన ఒక చిన్న ఊళ్ళో, దూదేకులవాళ్ళ వీధిలో ఆయన ఇల్లు. పగలంతా పరుపులు కుట్టేవాడు. గురువారం సాయంత్రం మాత్రం పని తొందరగా ముగించి, తన దగ్గరికి వచ్చిన నలుగురితో దేవుడి మాటలు మాట్లాడేవాడు. అలా వచ్చేవాళ్ళను మురీదులంటారు. మురీదు అంటే శిష్యుడనే. మౌలాలి పన్నెండేళ్ళ నుంచి ఆయనకు మురీదు.

"ఏమవుతోంది?" అన్నాడు తాత, దారం పంటితో తెంపి.

"మా ఇంటామె కాశింబీ సంగతే. పొద్దున బాగానే ఉంటాది. నవ్వుతాది, పక్కింటోళ్ళతో మాట్లాడతాది. దీపాలు పెట్టే వేళయితే చాలు, ముఖం ముడుచుకుంటాది. ఏమడిగినా కసురుతాది. తలనొప్పంటాది. కంచం పెట్టేది కూడా దబ్బుమని పెడతాది. మీరొకసారి పిలిచి బుద్ధి చెప్పాల తాతా. మీ మాటైతే వింటాది."

"ఎప్పటి నుంచి ఇట్లా?"

"కొత్తింటికి వచ్చినప్పటి నుంచి. ఏడాది దాటింది."

పక్కన కూర్చున్న బడేసాబు కిసుక్కుమని నవ్వాడు. ఆయన దర్జీ, తాతకు పాత మురీదు. నోట్లో ఆరు పళ్ళే మిగిలాయి గానీ మాటకు మాత్రం పదును తగ్గలేదు.

"ఊరందరి ఇళ్ళల్లో కలహాలు తీర్చే మొనగాడివి, నీ ఇంటికే వైద్యం లేకపోయెనా మౌలాలీ?"

ఆ ఎగతాళికి ఒక కారణం ఉంది. అది చెప్పుకుంటే గానీ మిగతాది తెలియదు.

మౌలాలి కరెంటు పని చేస్తాడు. వట్టి వైర్లు లాగే పని కాదు. ఏ గదిలో ఎలాంటి దీపం ఉండాలో చెప్పి మరీ పెడతాడు. "పడక గదిలో తెల్ల లైటు వద్దమ్మా, నిద్ర సరిగా పట్టదు, మనసు నెమ్మదించదు. పసుపు లైటు పెట్టుకోండి," అంటాడు. "పెద్దవాళ్ళు లేచి తిరిగే దారిలో చిన్న దీపమొకటి ఉండాల. చీకట్లో అడుగేసే భయం వాళ్ళను సగం ముసలివాళ్ళను చేస్తాది," అంటాడు. ఇక పిల్లల చదువు బల్ల దగ్గరైతే ఎవరేమన్నా వినడు. "లైటు వీపు వెనక ఉండకూడదు. వెనకుంటే తల నీడ పుస్తకం మీదనే పడుతుంది. పిల్లోడు అరగంటలో విసుక్కుంటాడు. మీరేమో వాడికి చదువు మీద మనసు లేదని కొడతారు. తప్పు వాడిది కాదు, బల్బుది," అంటాడు.

అతను చెప్పినట్టు దీపాలు మార్చుకున్న ఇళ్ళల్లో నిజంగానే విసుగులు, కలహాలు కొంత తగ్గాయి. జనం మెచ్చుకున్నారు. మెచ్చుకునే కొద్దీ మౌలాలి నడక కూడా మారింది.

"నా ఇంట్లో వెలుతురుకేం తక్కువ లేదు బడేసాబన్నా," అన్నాడు మౌలాలి కాస్త నొచ్చుకుని. "హాల్లోనే పదహారు లైట్లు. ఊళ్ళో ఇంకెవరింట్లో అయినా ఉంటే చూపించు. అంత మంచి ఇంట్లో పెట్టుకున్నా ఆమెకు సంతోషం లేదంటే, లోపం నా దీపాల్లో ఉందా, ఆమె మనసులో ఉందా?"

తాత సూది జాగ్రత్తగా దూది ఉండకు గుచ్చి పక్కన పెట్టాడు.

"రేపు సాయంత్రం మీ ఇంటికి భోజనానికి వస్తాం," అన్నాడు. "నేనూ, ఈ ఆరు పళ్ళాయనా."

మరుసటి రోజు మౌలాలి సంబరానికి అంతు లేదు. తాత ఎవరింటికీ ఊరికే వచ్చే మనిషి కాదు. మధ్యాహ్నమే ఇంటికి వచ్చి హాల్లో దీపాల మీద దుమ్ము తుడిచాడు. బజారు సరుకులు మాత్రం మర్చిపోయి, పొద్దు వాలాక పరుగున పోయి తెచ్చాడు. దాల్చాలోకి శనగపప్పు కాశింబీ చేతికిచ్చి, "బగారన్నం, దాల్చా. గంటలో అయిపోవాల," అన్నాడు.

"ఇప్పుడా తెచ్చేది? పప్పు పొద్దున్నే పెరటి తలుపు దగ్గర కూర్చుని ఏరుకుంటా గదా నేను," అంది కాశింబీ.

"ఎప్పుడు ఏరితే ఏముంది? కానీ, కానీ."

ఆమె చాట తీసుకుని వంటింట్లోకి పోయింది.

తాతా, బడేసాబూ వచ్చేసరికి హాలు పెళ్ళిపందిరిలా ఉంది. సీలింగు చుట్టూ పసుపు దీపాల వరస. మధ్యలో గాజు దీపాల గుత్తి. గోడకున్న మక్కా పటం మీద విడిగా ఒక దీపం. బడేసాబు గడప దగ్గరే ఆగిపోయి చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమబ్బా, ఇంటికి పిలిచినావా, ఫోటో స్టూడియోకు పిలిచినావా?"

మౌలాలి నవ్వాడు. ఒక్కొక్క దీపం గురించీ తాతకు చెప్పాడు. ఏది మనసుకు చల్లగా ఉంటుందో, ఏది చుట్టాలొచ్చినప్పుడు వెయ్యాలో. తాత అన్నిటికీ "ఊఁ" అన్నాడు.

చాప మీద తెల్ల గుడ్డ పరిచి ముగ్గురూ కూర్చున్నారు. కాశింబీ వడ్డించి లోపలికి పోయింది. రెండో ముద్దకే బడేసాబు నోట్లో కటుక్కుమంది. ఆయన మెల్లగా వేలు పెట్టి తీసి, దీపం వైపు ఎత్తి చూశాడు. శనగబద్దంత రాయి.

"ఉన్నవే ఆరు. ఒకటి సెలవడిగింది," అన్నాడు నవ్వుతూ. ఆయన అది అక్కడితో వదిలేసేవాడే.

మౌలాలి వదల్లేదు. ముఖం ఎర్రబడింది.

"కాశింబీ!"

ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇది చూడు! ఇంటికి పెద్దాయన వస్తే రాళ్ళు పెడతావా? కళ్ళున్నాయా నీకు? ఇంత వెలుగున్న ఇల్లు ఊళ్ళో ఇంకోటి లేదే, ఇంత రాయి నీకు కనపడలేదా?"

ఆమె కొంగు చివర వేళ్ళకు చుట్టుకుంటూ నేల చూసింది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది.

తాత తన కంచంలో ఒక్క మెతుకు లేకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని, "మౌలాలీ, పప్పు ఇంకా మిగిలిందా?" అన్నాడు.

"ఉంది తాతా. ఎందుకు?"

"చాటెడు ఏరి తీసుకురా. ఇంటికి పట్టుకుపోతా."

"అదెంతసేపు. కాశింబీ..."

"ఆమెను కాదు. నిన్నడిగినా."

మౌలాలి లేచాడు. "ఇక్కడే కూర్చుని ఏరతా, వెలుతురు బాగుంటాది."

"ఆమె యాడ కూర్చుని ఏరుతుందో ఆడనే ఏరు," అన్నాడు తాత.

గురువు అడిగితే ఎందుకని అడగకూడదు. మౌలాలి వంటింట్లోకి పోయాడు. కాశింబీ గిన్నెలు ఒక మూలకు జరిపి పక్కకు తప్పుకుంది. "ఈడ," అని పొయ్యి గట్టు పక్కన ఉన్న పీట చూపించింది.

ఆ వంటింటి సంగతి చెప్పాలి. హాల్లోంచి వచ్చిన వైరు వంటింటి తలుపు దాటగానే ఆగిపోయింది. బల్బు అక్కడే, తలుపు పైన ఉంది. పొయ్యి గట్టు దానికి ఎదురు గోడకు ఉంది. అంటే పొయ్యి దగ్గర నిలబడినా, పీట మీద కూర్చున్నా, దీపం మనిషి వీపు వెనక ఉంటుంది. పగలు పెరటి తలుపు తెరిచి ఉంటుంది కాబట్టి పక్కనుంచి కొంత వెలుగు పడుతుంది, పొయ్యి వెనక మూలకు మాత్రం అందదు. పొద్దు గూకగానే దోమలు. ఆ తలుపు మూసెయ్యాల్సిందే.

మౌలాలి చాట ఒళ్ళో పెట్టుకుని వంగాడు. తన తల నీడ చాట నిండా పరుచుకుంది. పక్కకు ఒరిగాడు. భుజం నీడ వచ్చింది. పీట తిప్పి కూర్చుందామంటే మోకాళ్ళు పట్టడానికి చోటు లేదు. పప్పు రంగు, రాయి రంగు ఒక్కటే అయిపోయాయి. వేళ్ళతో తడిమి చూడబోయాడు. వేలి కొసకు అన్నీ ఒకలాగే తగిలాయి. ఎదుట నల్లటి గోడ. కళ్ళు చికిలించి చికిలించి నుదురు నొప్పెట్టసాగింది. హాల్లోంచి తాతా, బడేసాబూ మాట్లాడుకునే మాటలు వినపడుతున్నాయి. వాళ్ళు నవ్వినప్పుడల్లా అతనికి ఎందుకో కోపం వచ్చింది.

పావుగంట అయింది.

"ఏమబ్బా మౌలాలీ!" హాల్లోంచి బడేసాబు కేక వేశాడు. "పప్పు ఏరుతున్నావా, పండిస్తున్నావా?"

"ఉండబ్బా నువ్వొకడివి!" మౌలాలి గొంతు వంటిల్లంతా మోగింది. "ఊరికే ప్రాణం తియ్యొద్దు! ఈడ ఏమీ కనపడి చావడం లేదు!"

హాల్లో నవ్వు ఆగిపోయింది.

మౌలాలి చేతిలో చాట అలాగే ఉంది. ఆ కసురు తనదేనని తెలియడానికి అతనికి కొంత సమయం పట్టింది. పన్నెండేళ్ళలో గురువు వినేలా అతను ఎన్నడూ గొంతు పెంచలేదు. మెల్లగా తల తిప్పి చూశాడు. కాశింబీ పెరటి తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం సరిగా కనపడలేదు.

అతను చాట కింద పెట్టి లేచాడు. మెయిన్ ఆపి, నిచ్చెన వేసుకున్నాడు. చీకటిగా ఉన్న హాల్లో తాతా, బడేసాబూ అలాగే కూర్చున్నారు. టార్చి పళ్ళ మధ్య పట్టుకుని, తలుపు పైనున్న వైరుకు ఇంకో వైరు కలిపి, గోడ పొడుగునా లాక్కుపోయి, పొయ్యి గట్టుకు పైన, ఎదురుగా ఒక దీపం పెట్టాడు. హాల్లో మక్కా పటం మీదున్న దీపమే తీసి పెట్టాడు. అంతా కలిపి అరగంట పని కూడా కాలేదు. ఏడాదిగా కానిది ఆ అరగంట పనే.

కరెంటు వెయ్యగానే వంటిల్లు మొత్తం ఒక్కసారి బయటపడింది.

"అయ్యో!" అంది కాశింబీ. పొయ్యి వెనక గోడ మీద మసి అట్టలు కట్టి ఉంది. గట్టు సందులో పాత పిండి, నూనె జిడ్డు. తాత అప్పటికే గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆమె కొంగుతో గోడ రుద్దబోయింది. "ఇంత మసి ఉందని నాకు తెలీదు తాతా. రోజూ తుడుస్తానే ఉంటా. ఏమనుకోవద్దండి. నాకు సిగ్గుగా ఉంది."

ఆమె చెయ్యి గోడ మీద ఉంది. ఆ దీపం కింద మౌలాలి ఆ చెయ్యి చూశాడు. ఎడమ బొటనవేలి మీద, చూపుడువేలి మీద కత్తిపీట గాట్లు. కొన్ని మానినవి. ఒకటి ఈ రోజుదే, ఇంకా ఎర్రగా ఉంది.

"ఇదెప్పుడు తెగింది?" అన్నాడు.

"ఏది? ఇదా? ఉల్లిగడ్డలు తరిగేటప్పుడు." ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఏదో ఒకటి తెగుతానే ఉంటాది."

"నాకు చెప్పలేదేం?"

కాశింబీ అతని వైపు చూసింది. కోపంగా కాదు. మర్చిపోయినవాళ్ళకు గుర్తు చేసేటప్పుడు ఎలా చూస్తారో అలా.

"చెప్పింటి గదా. ఇంటికి వచ్చిన మొదటి నెలలోనే చెప్పింటి. ఈడ చీకటిగా ఉంది, ఒక బల్బు ముందుకు జరపమని. వంటింటికి ఇది చాల్లే, ఆడ ఎవరు చూస్తారంటివి."

మౌలాలికి గుర్తొచ్చింది. అన్నాడు. ఆ మాట అన్నాడు. నిచ్చెన మీద నిలబడి, హాల్లో గాజు గుత్తి బిగిస్తూ, కిందికి చూడకుండానే అన్నాడు.

బడేసాబు కూడా వచ్చి తాత వెనక నిలబడ్డాడు. ఏదో అనబోయి, మౌలాలి ముఖం చూసి ఊరుకున్నాడు. ఎప్పుడూ ఊరుకోని మనిషి ఊరుకోవడం ఇంకా కష్టంగా తగిలింది.

తాత లోపలికి వచ్చాడు. కిందున్న చాట తీసుకుని, కొత్త దీపం కింద నేల మీద చతికిలబడ్డాడు. పప్పు ఒక పక్కకు తోసి, రాళ్ళు ఏరి నేల మీద పెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు.

"అయ్యయ్యో, మీరెందుకు తాతా! ఇట్లివ్వండి, నేను ఏరతా," అంది కాశింబీ కంగారుగా.

"కనపడుతోంది కదమ్మా," అన్నాడు తాత. "ఏరనీ. నువ్వు కూర్చో."

ఆమెకు ఏం చెయ్యాలో తోచలేదు. కాసేపు నిలబడి, పీట మీద కూర్చుంది. బడేసాబు తాతకు ఎదురుగా కూర్చుని గుప్పెడు పప్పు తన వైపు లాక్కున్నాడు.

మౌలాలి నిచ్చెన తీసి గోడకు ఆనించాడు. తర్వాత వచ్చి చాటకు ఆ పక్క కూర్చున్నాడు. పప్పు ఏరేవాడు తల వంచుకునే కూర్చోవాలి. ముఖం ఎందుకు దించుకున్నావని ఎవరూ అడగరు. వేళ్ళు పప్పులో పెట్టి, ఆ ముగ్గురిలో ఎవరి వైపూ చూడకుండా, అతను ఏరసాగాడు.