నాంచారవ్వ చూపిన గుర్రం

అనగా అనగా అని నేనంటాను, మీరు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే నా గుర్రం కదలదు, ముందే చెబుతున్నా.

గుండ్లపెంట అని ఒక ఊరు. అక్కడ ఏడాదికోసారి గుర్రాల సంత. ఆ సంతలో గడ్డిమోపులు అమ్ముకునే ముసలావిడ నాంచారవ్వ. మేడ లేదు, మాన్యం లేదు. ఒక కొడవలి, ఒక తాడు, అంతే.

ఒక ఏడు ఆ సంతకు భూషయ్య వచ్చాడు. పాముకాటుకు మందిచ్చే వైద్యుడు. నలభై దాటాయి. పద్దెనిమిదేళ్లప్పుడు భలేగా స్వారీ చేసినవాడే. ఓసారి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాత గుర్రం ముట్టలేదు, ఎంత దూరమైనా నడకే. అలా నడిచి వెళ్లేసరికి ఎర్రవంక అనే ఊళ్లో పాము కరిచిన ఒక పసిపిల్ల ప్రాణం పోయింది. ఆ తల్లి పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఈయన కుమిలిపోయాడు. ఇక గుర్రం కొనాల్సిందే అనుకున్నాడు.

గుర్రం కొనేటప్పుడు మనవాళ్లు ఏం చూస్తారు? సుడులు! ఒంటిమీద వెంట్రుకలు ఎక్కడ సుడి తిరిగాయో చూసి అదృష్టం చెప్పేస్తారు. నుదుట ఉంటే రాజయోగమట. కంటికింద ఉంటే కన్నీటి సుడి, కొన్నవాడి ఇంట ఏడుపేనట.

భూషయ్య నుదుటి సుడి ఉన్న తెల్లగుర్రం ఎక్కాడు. దబ్బున పడ్డాడు. గుర్రం పరుగో పరుగు.

"సామీ, అది ఆగలేదు" అంది నాంచారవ్వ.

మెడమీద సుడి ఉన్న నల్లగుర్రం ఎక్కాడు. మళ్లీ పడ్డాడు. అదీ పరుగో పరుగు.

"సామీ, ఇదీ ఆగలేదు."

భూషయ్యకు ఒళ్లు మండింది. "గడ్డి అమ్ముకునేదానివి, గుర్రాల సంగతి నీకేం తెలుసు?"

"స్వారీ నాకు తెలీదు సామీ. మేత వేసి వేసి వాటి గుణం తెలుసు. నీకింకా పద్దెనిమిదేళ్ల నడుమే ఉందనుకుంటున్నావా? నువ్వు పడతావు. పడ్డాక ఆగేదాన్ని చూసుకో."

సంత చివర ఒక బూడిదరంగు ఆడగుర్రం ఉంది. కంటికింద సుడి. మూడు సంతలుగా దాన్ని అడిగిన నాథుడు లేడు.

"ఎక్కు సామీ. ఎక్కి, కళ్లెం వదిలి, జారి కిందపడు."

భూషయ్య ఎక్కాడు. తుంటి తడుముకున్నాడు. ఎర్రవంక తల్లి గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని జారాడు. గుర్రం ఆగింది. మెడ తిప్పి ఆయన్ని వాసన చూసింది. మూడుసార్లు జారాడు, మూడుసార్లూ ఆగింది.

"కన్నీటి సుడి కొన్నాడ్రోయ్!" అని సంతంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అని ఆయన దానిమీదే ఇంటికెళ్లాడు.

ఆ వానాకాలం గడ్డి కోస్తుంటే నాంచారవ్వనే పాము కరిచింది. కబురందగానే భూషయ్య గుర్రమెక్కాడు. వంక దాటుతుంటే బురదలో గుర్రం కాలు జారింది. ఆయన పడ్డాడు. అయిపోయింది, అవ్వ కూడా పోతుందనుకున్నాడు. తలెత్తి చూస్తే జోరువానలో గుర్రం అక్కడే నిలబడి ఉంది. మళ్లీ ఎక్కాడు. వేళకు చేరి మందు పోశాడు.

పొద్దు వాలేసరికి అవ్వ కళ్లు తెరిచింది.

"పడ్డావా సామీ?"

"పడ్డానవ్వా."

"ఆగిందా?"

"ఆగిందవ్వా." అంటూనే భూషయ్య బావురుమన్నాడు.

"చూశావా, కన్నీటి సుడి అబద్ధమాడలేదు" అని అవ్వ నవ్వింది.

ఇంకా చాలా ఏళ్లు గడ్డి అమ్మి, పండు ముసలిదై కన్నుమూసింది నాంచారవ్వ. గుండ్లపెంట సంతలో ఇప్పటికీ గుర్రం కొనేవాళ్లు సంత చివర అవ్వ పేరిట గుప్పెడు గడ్డి పెడతారు. తర్వాత ఎక్కి, కళ్లెం వదిలి, జారతారు. గుర్రం ఆగితే "అవ్వ ఒప్పుకుంది" అంటారు, బేరం కుదురుతుంది. అంతెందుకు, ఆ చుట్టుపక్కల పెళ్లిచూపులకు వెళ్లి చూడండి. అబ్బాయి జాతకం ఎంత గొప్పదని చెప్పినా ముసలమ్మలు ఒక్కటే అడుగుతారు.

"అదంతా సరే నాయనా. మా పిల్ల పడితే, ఆగుతాడా?"

నా గుర్రం కూడా ఆగింది. ఇక దిగండి.