ఒకటయ్యేదాకా ఆగిన పోలినాయుడు

దిబ్బలవలసలో రొంగలివారి ఇల్లంటే తెలివికి పెట్టింది పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళూ రొంగలివారే. ఊళ్ళో మిగతావాళ్ళకి ఒక మాట చెబితే దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి ఇంకేదో చేస్తారనీ, తాము మాత్రం చెప్పింది చెప్పినట్టు చేస్తామనీ, అసలైన తెలివంటే అదేననీ వాళ్ళ నమ్మకం.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. పెద్దాయన పోలినాయుడు, ఆయన భార్య సన్యాసమ్మ, ఆయన తమ్ముడు అప్పలస్వామి. ఓసారి పక్కింటావిడ బయటికెళ్తూ, పొయ్యి మీద పాలున్నాయి, కాస్త చూస్తూ ఉండమని సన్యాసమ్మకి చెప్పింది. సన్యాసమ్మ పీట వేసుకుని రెప్ప వెయ్యకుండా చూసింది. పాలు పొంగాయి, చూసింది. పొయ్యిలో పడ్డాయి, చూసింది. గిన్నె మాడింది, అదీ చూసింది. పక్కింటావిడ వచ్చి లబోదిబోమంటే, "నువ్వు సూడమన్నావు, మొదట్నించీ సివరిదాకా సూశాను. దించమని ఎవరన్నారు?" అంది. ఆ సంగతి విని అన్నదమ్ములిద్దరూ ఆమె తెలివికి మురిసిపోయారు.

పోలినాయుడు పశువుల సంతలో బేరాలు కుదిర్చేవాడు. తువ్వాలు కింద చేతులు పెట్టి, పైకి మాట్లాడకుండా, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునే బేరాలు. ఈ ఎద్దు ఎలా నడుస్తుందని ఎవరైనా అడిగితే నాలుగు కాళ్ళతో నడుస్తుందనేవాడు. పొడిచేదైతే పొడుస్తుందనే చెప్పేవాడు. మాట మార్చడం రాని మనిషి కాబట్టి సంతలో ఆయనంటే అందరికీ గురి. సంత రోజొస్తే ఆయనకి అన్నం కూడా గుర్తుండేది కాదు.

అలాంటి మనిషికి సంతలోనే, ఓ కోడె పగ్గం పట్టుకుని ఉండగా, పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మూతి పక్కకి పోయింది. పట్నంలో పెద్దాసుపత్రివాళ్ళు ప్రాణం నిలబెట్టి, కాలూ చెయ్యీ మళ్ళీ కదిలేలా కసరత్తు చేయించే ఆసుపత్రికి పంపారు. తెలివి లేకుండా పడి ఉన్నప్పుడే మూత్రం పోవడానికి గొట్టం వేశారు. గొట్టం చివర సంచి. మాట వచ్చింది, మూతి సర్దుకుంది, చెయ్యి గ్లాసు పట్టుకునేదాకా వచ్చింది. గొట్టం మాత్రం అలాగే ఉండిపోయింది.

అక్కడ సుగుణ అని ఓ సిస్టరు ఉండేది. ఓపిక గల మనిషి. సంచి ఎప్పుడూ నడుముకన్నా కిందకే ఉండాలి, పైకెత్తితే మూత్రం వెనక్కి పోతుందని అప్పలస్వామికి చెప్పింది. ఎవరి నడుముకన్నా అన్నది చెప్పలేదు. అప్పలస్వామి ఆలోచించాడు. ఎందుకైనా మంచిదని అందరి నడుములకన్నా కిందే ఉంచాలనుకున్నాడు. అంతే. అన్న నడుస్తుంటే పక్కనే గొంతుకూచుని సంచి పట్టుకుని బాతులా నడిచేవాడు. ఎవరైనా పొట్టివాళ్ళు ఎదురైతే ఇంకా వంగేవాడు. ఒకరోజు అడుగులు నేర్చుకుంటున్న పసిపాప వరండాలోకి వచ్చింది. ఇంకేముంది, అప్పలస్వామి సంచితో సహా నేల మీద బోర్లా పడుకుని, పాప దాటిపోయేదాకా లేవలేదు.

కసరత్తు చేయించే అబ్బాయి, నాయుడుగారు తన కాళ్ళ మీద తాను నిలబడాలి, అదే మన లక్ష్యం అన్నాడు. ముగ్గురూ కలిసి పోలినాయుడి కుడికాలు ఎత్తి ఎడమకాలి మీద పెట్టారు. ఆయన తన కాలి మీద తానే నిలబడి, పక్కకి ఒరిగి, ఆ అబ్బాయి మీదే పడ్డాడు. నిలబడ్డమైతే నిలబడ్డాడు కదా అని సన్యాసమ్మ సంతోషించింది.

పోలినాయుడికి మాత్రం సంతోషం లేదు. అందరూ కలిసి కసరత్తు చేసే హాల్లోకి రమ్మంటే రానన్నాడు. సంచి మీద ఎప్పుడూ తువ్వాలు కప్పుకునేవాడు. సంత నుంచి చూడ్డానికొచ్చిన స్నేహితుడి గొంతు వినబడగానే కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు. ఆ మనిషి కాసేపు కూచుని, అరటిపళ్ళు పెట్టి వెళ్ళిపోయాడు. అప్పుడు కళ్ళు తెరిచి భార్యతో అన్నాడు.

"ఎద్దుకి ముకుతాడేస్తే ముక్కుకే కదే ఏస్తాం. నాకెక్కడేశారో సూడు. దీంతోటి నలుగురిలోకి ఎలగెళ్తాను?"

సన్యాసమ్మ సంచి మీద తువ్వాలు సర్దింది. ఆయన పాదాలు ఒత్తుతూ కూచుంది.

కొన్నాళ్ళకి డాక్టరమ్మ వచ్చి, గొట్టం ఎక్కువకాలం ఉంచితే చీము పడుతుంది, జ్వరాలొస్తాయి, రేపు పొద్దున్న తీసేద్దామంది. తీశాక తనకు తానుగా మూత్రం వస్తే సరే, రాకపోతే మళ్ళీ వెయ్యాల్సిందేనని కూడా చెప్పింది. పోలినాయుడు ఆ మాట వినగానే గడ్డం గీయించుకున్నాడు. ఉతికిన పంచె తీసి పెట్టమన్నాడు.

మర్నాడు పొద్దున్నే సుగుణ సిస్టరు గొట్టం తీసేసింది. పోలినాయుడు దుప్పటి ఎత్తి చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. సిస్టరు నవ్వి, ఇక నాయుడుగారికి నీళ్ళు బాగా పట్టించండని చెప్పి పక్క గదిలోకి వెళ్ళింది.

సన్యాసమ్మకి నూనె పట్టించడం బాగా వచ్చు. నీళ్ళు పట్టించడం ఎంత పని అనుకుంది. చొక్కా విప్పించి, మాడు మీద చల్లి, వీపుకీ రొమ్ముకీ కాళ్ళకీ చెంబుడు చెంబుడు రాసి, ఎండిపోతుంటే మళ్ళీ రాసింది. డాక్టరమ్మ వచ్చేసరికి పోలినాయుడు వణుకుతున్నాడు, పరుపు నానిపోయింది. డాక్టరమ్మ తల పట్టుకుని, ఒంటికి పట్టించడం కాదమ్మా, తాగించండి, గంటకో గ్లాసు చాలు అంది.

పోలినాయుడి మంచం లిఫ్టుకి ఎదురుగా ఉంది. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా టింగుమని గంట మోగేది. అప్పలస్వామి చెవులు రిక్కించి నిలబడ్డాడు. టింగుమంది. "వదినా, గంట" అన్నాడు. సన్యాసమ్మ గ్లాసుడు తాగించింది. టింగుమంది. ఇంకో గ్లాసు. అప్పుడే రోగుల్ని చూడ్డానికి చుట్టాలొచ్చే వేళ అయింది. ఇంకేముంది, లిఫ్టుకి ఊపిరి సలపలేదు. పోలినాయుడికీ సలపలేదు. కాసేపాగి తాగుతానంటే సన్యాసమ్మ ఒప్పుకోలేదు, గంటకో గ్లాసన్నారు, గంట మోగింది, మరేటి చెయ్యమంటావంది. మంచినీళ్ళ బిందె ఖాళీ అయితే అప్పలస్వామి మళ్ళీ నింపుకొచ్చాడు.

మధ్యలో సుగుణ సిస్టరు తలుపు దగ్గరికి వచ్చి, నాయుడుగారు ఒకటికి వెళ్ళేటప్పుడు నన్ను పిలవండి, ఎంత వచ్చిందో కొలవాలి అని చెప్పి వెళ్ళింది. మర్యాద తెలిసిన మనిషి కాబట్టి అలా అంది. దిబ్బలవలసలో మూత్రాన్ని ఒంటేలంటారు. ఒకటంటే రొంగలివారికి తెలిసింది గోడ మీద గడియారంలో ఒకటే.

కొంతసేపటికి పోలినాయుడి ముఖం మారింది. తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి, ఒరే, వస్తోందిరా అన్నాడు. అప్పలస్వామి గడియారం చూశాడు. చిన్నముల్లు ఇంకా పన్నెండు దగ్గరికైనా రాలేదు.

"ఒకటికెళ్ళమన్నారు అన్నియ్యా. ముందే ఎళ్ళిపోతే మళ్ళీ గొట్టం ఏసేస్తారేమో."

గొట్టం అనేసరికి పోలినాయుడు బిగబట్టాడు. మంచం పట్టె పట్టుకున్నాడు. పళ్ళు కరుచుకున్నాడు. నుదుటి మీద చెమటలు పట్టాయి. ఈలోపు లిఫ్టు టింగుమంది. సన్యాసమ్మ కళ్ళలో నీళ్ళు పెట్టుకుంటూనే గ్లాసు నోటికి అందించింది. ఆయన ఆమె వైపు జాలిగా చూసి, తాగేశాడు. అన్నకి ధైర్యంగా ఉంటుందని అప్పలస్వామి గడియారం కింద నిలబడి, ముల్లు కదిలింది, ఇంకా కదిలింది అని చెబుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చి పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే కుండలా ఉంది. చిన్న మిషను పెట్టి చూసింది. ఆమె ముఖం వాడిపోయింది. ఇంత నిండినా రావడం లేదంటే ఇంకా నరాలు కుదుటపడలేదు, కొత్త గొట్టం తెమ్మని సుగుణ సిస్టరుతో చెప్పింది. సిస్టరు పళ్ళెంలో గొట్టం పట్టుకొచ్చింది. దాన్ని చూడగానే పోలినాయుడి కళ్ళు చెమ్మగిల్లాయి. చేతులు జోడించబోతే ఎడమ చెయ్యి సగం దాకానే లేచింది.

"అమ్మా, ఒకటయ్యేదాకా ఆగండమ్మా. ఇంతసేపూ ఆగినోణ్ణి, ఆ కాస్తా ఆగలేనా?"

డాక్టరమ్మకి అర్థం కాలేదు. ఒకటికి ఏమవుతుందని అడిగింది.

"ఒకటికెళ్ళమని సిస్టరమ్మ సెప్పింది కదమ్మా. నాకెప్పుడో వచ్చింది. బిగబట్టుకుని కూసున్నాను."

సుగుణ సిస్టరు పళ్ళెం మంచం మీద పెట్టి పక్కనే కూలబడింది. డాక్టరమ్మ ఆమె వైపు చూసి, పోలినాయుడి వైపు చూసి, గడియారం వైపు చూసింది. ఒకటంటే ఒంటేలేనని, గడియారానికీ దానికీ సంబంధం లేదని, వస్తే వచ్చినప్పుడే వెళ్ళాలని నెమ్మదిగా చెప్పింది. ముందే ఆ మాట ఎందుకనలేదని అప్పలస్వామి నొచ్చుకున్నాడు.

గబగబా చక్రాల కుర్చీలో బాత్రూముకి తీసుకెళ్ళి కూచోబెట్టారు. అన్నం ఉడికినంతసేపు కూచున్నా చుక్క రాలేదు. అంతసేపు బిగబట్టిన మనిషి వదలడం ఎలాగో మరిచిపోయాడు. అందరూ తలుపు దగ్గరే ఉండేసరికి సిగ్గు కూడాను. డాక్టరమ్మ చేతి గడియారం చూసుకుంటోంది. పళ్ళెం ఇంకా మంచం మీదే ఉంది.

సుగుణ సిస్టరుకి ఓ ఉపాయం తోచింది. ఆ కుళాయి విప్పండి, నీళ్ళ చప్పుడికి వస్తుంది అంది.

అప్పలస్వామి బోరుబావులు తవ్వే పనికెళ్ళిన మనిషి, చేతులు ఇనప పట్టకార్లు. కుళాయి పట్టుకుని విప్పాడు. తిప్పలేదు, విప్పాడు. మరలు మరలుగా విప్పి, కుళాయి ఊడదీసి సిస్టరు చేతిలో పెట్టాడు.

ఇంకేముంది, గోడలోంచి ఏనుగు తొండంతో చిమ్మినట్టు నీళ్ళు వచ్చిపడ్డాయి. మొదటి ధార డాక్టరమ్మ కళ్ళజోడు ఎగరగొట్టింది. రెండోది సిస్టరు టోపీ. బొటనవేలితో మూద్దామని అప్పలస్వామి వేలు పెడితే ధార రెండుగా చీలి అటొకరిని ఇటొకరిని తడిపింది. సన్యాసమ్మ నెత్తి నుంచి నీళ్ళు కారుతుండగా, పొద్దుటికన్నా ఇప్పుడు బాగా పట్టాయంది.

కమోడు మీద కూచున్న పోలినాయుడు వీళ్ళని చూశాడు. నవ్వొచ్చింది. సంతలో పడిపోయిన నాటి నుంచి నవ్వని మనిషి, పొట్ట పట్టుకుని, దగ్గొచ్చేలా నవ్వాడు. ఆ నవ్వులో బిగింపంతా వదిలిపోయింది. నవ్వు ఆగింది గానీ అది మాత్రం చాలాసేపు ఆగలేదు. ఆయన కళ్ళు మూసుకుని అలాగే కూచున్నాడు, గుళ్ళో కూచున్నట్టు.

ఎవరో కింద నీళ్ళు కట్టేశాక, వచ్చిందా అని సిస్టరు అడిగింది. వచ్చిందన్నాడు. ఎంత వచ్చిందంటే, అప్పలస్వామి గర్వంగా బాత్రూమూ వరండా దాటి మెట్ల మీదుగా దిగిపోతున్న నీళ్ళు చూపించి, అదంతా మా అన్నియ్యదే అన్నాడు. డాక్టరమ్మ తడి కళ్ళజోడుతోనే మళ్ళీ మిషను పెట్టి చూసింది. కడుపు ఖాళీ. పళ్ళెం వెనక్కి పంపేసింది.

ఆ తర్వాత పోలినాయుడు హాల్లోకి వెళ్ళాడు. అందరితో కలిసి బంతి విసిరాడు. స్నేహితుడు మళ్ళీ వస్తే ఎద్దుల సంగతులు అడిగి అడిగి చంపాడు. అవసరం లేకపోయినా బాత్రూముకి వెళ్ళొచ్చేవాడు. ఎందుకని అడిగితే, ఎళ్ళగలను కాబట్టి అనేవాడు.

ఇంటికి పంపేరోజు సుగుణ సిస్టరు అప్పలస్వామికి ఒకే ఒక్క మాట చెప్పింది. ఎడమకాలు ఇంకా తడబడుతోంది, అన్నయ్య చెయ్యి మాత్రం వదలకు అని.

అంతే. అప్పలస్వామి అన్న చెయ్యి పట్టుకున్నాడు. బస్సులో పట్టుకున్నాడు. కంచం ముందు పట్టుకున్నాడు, ఇద్దరికీ సన్యాసమ్మే ముద్దలు పెట్టింది. పక్క మీద మధ్యలో పడుకున్నాడు. పోలినాయుడికి ఒంటేలు వస్తే గోడవైపు తిరిగి నిలబడి పట్టుకున్నాడు. అప్పలస్వామికి వస్తే పోలినాయుడు గోడవైపు తిరిగేవాడు. సంతకి కూడా అలాగే వెళ్ళారు. జనం చుట్టూ మూగి పలకరించారు, పోలినాయుడి ముఖం వెలిగిపోయింది. తువ్వాలు కింద బేరం మొదలైంది. లోపల పోలినాయుడి వేళ్ళతో పాటు అప్పలస్వామి వేళ్ళూ ఉండేసరికి, కొనేవాడికి అన్ని వేళ్ళు తగిలి, ఆ ధరకి ఏనుగొస్తుందని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

సన్యాసమ్మ ఇక లాభం లేదని సుగుణ సిస్టరుకి ఫోను చేసి సంగతి చెప్పింది. సిస్టరు ఫోను అప్పలస్వామికి ఇమ్మంది. అతను పెరట్లో గేదె పక్కన, కుడితి తొట్టి దగ్గర ఉన్నాడు. ఒక చేత్తో అన్న చెయ్యి, రెండో చేత్తో ఫోను.

"బాబూ అప్పలస్వామీ, ఇక ఆ చెయ్యి వదిలెయ్యి" అంది సిస్టరు.

అప్పలస్వామి రెండు చేతుల వంకా చూశాడు. సిస్టరు ఉన్నది ఫోనులో. ఆవిడకి కనబడే చెయ్యి ఏది? ఫోను పట్టుకున్న చెయ్యే. ఆ చెయ్యి వదిలేశాడు. ఫోను బుడుంగున కుడితిలో పడింది.

"సిస్టరమ్మ ఏటందిరా?" అన్నాడు పోలినాయుడు.

"వదిలెయ్యమంది, వదిలేశాను."

సన్యాసమ్మ పరుగెత్తుకొచ్చి తొట్టిలోకి తొంగి చూసింది. నాలుగు బుడగలు పైకొచ్చాయి. లోపల్నుంచి ఏదో సన్నగా గొణిగినట్టు వినబడి, అదీ ఆగిపోయింది. ఆమె నెత్తి బాదుకుంది.

"అయ్యో, బంగారంలాంటి మనిషిని కుడితిలో పడేశావా?" అంది.

ఇంకేముంది, ముగ్గురూ చేతులు పట్టుకునే తొట్టి ఎక్కి, మోకాళ్ళ లోతు కుడితిలో నిలబడి, భయపడకమ్మా, వచ్చేశామని ధైర్యం చెబుతూ సుగుణ సిస్టరు కోసం దేవులాడసాగారు.