ఇరవై మూడు క్లిప్పులు

మూడు నెలలుగా సుధాంశుకి ప్రోటీన్ రావడం లేదు.

విశాఖపట్నంలోని ఒక పరిశోధనశాలలో అతను మూడో ఏడాది విద్యార్థి. కొత్త ప్రోటీన్ ఒకదాన్ని పరీక్షనాళికలో తయారుచేయాలని అతని ప్రయత్నం. గోధుమ మొలకల్ని మంచు మీద నూరి తీసిన సారంలో రైబోజోములు ఉంటాయి. అందులో ఆర్ఎన్ఏ సందేశం వేస్తే అవి దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ పోతాయి. ప్రతి మూడింటికీ లూసిన్ లాంటి ఒక అమైనో ఆమ్లం తగిలిస్తూ గొలుసు కడతాయి. 'ఆగు' అని అర్థమిచ్చే మూడు అక్షరాలు ఎదురవగానే ఆపేస్తాయి. ఆ గొలుసే ప్రోటీన్.

సందేశం సుధాంశు రాసుకున్నది. సారం తీసేది ల్యాబ్ అసిస్టెంట్ పైడమ్మ గారు. ఇరవై రెండేళ్లుగా ఆ పని ఆవిడదే.

"ఇంతకుముందు ప్రోటీన్ వచ్చిన పాత సందేశం ఏదైనా ఒకటి వేసి చూడండి బాబూ. సారం మంచిదో కాదో తెలిసిపోతుంది" అందావిడ ఒకరోజు.

"నాకు మీరు నేర్పాలా?" అన్నాడు సుధాంశు, నలుగురూ వింటుండగా.

ఆ మర్నాడే డైరెక్టరు గారికి కాగితం రాసిచ్చాడు. సారం ప్రతిసారీ పాడవుతోందని, ఆవిడ చేతులు ఇక ఈ పనికి సరిపోవని. ఆవిడని గాజు సామాను కడిగే గదికి మార్చారు. కొత్తగా వచ్చినతను తీసిన సారంలోనూ ప్రోటీన్ రాలేదు. ఇతనికి నేర్పింది ఆవిడే కదా అనుకున్నాడు సుధాంశు.

అతని గురువు ఇమ్మానియేలు గారు ఆపరేషన్ చేయించుకుని అప్పటికి రెండు నెలలుగా ఇంట్లో ఉన్నారు. తిరిగొచ్చిన రోజే సుధాంశు ఆయన గదికి వెళ్లి అంతా చెప్పాడు. ఆయన అంతా విన్నారు. చివర్న అడిగారు:

"నీ సందేశం ఉందా దగ్గర?"

"ఉంది సార్."

"పైకి చదువు. మూడేసి అక్షరాలు."

ఆయన బల్ల సొరుగులోంచి కాగితాలకి పెట్టే క్లిప్పుల డబ్బా తీసి ముందు పెట్టుకున్నారు.

"ఎ, యు, జి" అన్నాడు సుధాంశు. ఆయన ఒక క్లిప్పు తీశారు. "జి, సి, యు." ఇంకో క్లిప్పు దానికి తగిలించారు. చిన్నపిల్లల ఆటలా ఉందనుకుంటూ, కొంచెం విసుగ్గానే చదివాడు.

పద్దెనిమిదో క్లిప్పు దగ్గర కాగితాన్ని కళ్లకి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"ఇక్కడ... ఇక్కడ లూసిన్ రావాలి సార్. ఇది వేరే ఏదో..."

"ఏం రావాలో నాకు తెలీదు. నువ్వు చదివిందే కడుతున్నా. కానియ్యి."

సుధాంశు చదివాడు. ఇప్పుడు నెమ్మదిగా. ఇరవై మూడో క్లిప్పు పడింది.

"యు, ఎ, ఎ."

ఆయన చేతిలో గొలుసు బల్ల మీద పెట్టేసి, డబ్బా మూత వేశారు.

"ఇంకా చాలా ఉంది సార్. మొత్తం రెండు వందల పది..."

"ఆగమన్నావు. ఆగాను."

సుధాంశు కాగితం మీదికి వంగాడు. వేలు పెట్టి వెనక్కి వెనక్కి వెళ్లాడు. ఎప్పుడో ఏదో సరిచేస్తూ తనే పొరపాటున ఒక అక్షరం చెరిపేసి ఉన్నాడు. అక్కణ్ణుంచి మూడేసి అక్షరాల లెక్క అంతా ఒక గడి జరిగిపోయింది. దారిలో ఎదురైన మొదటి 'ఆగు' దగ్గర గొలుసు తెగిపోయింది. ప్రతిసారీ, ఎవరు తీసిన సారంలోనైనా.

తల ఎత్తకుండానే, "సార్, ఆ కాగితం వెనక్కి తీసుకుంటాను" అన్నాడు.

"తీసుకో. ముందు ఆవిడ దగ్గరికి వెళ్లు."

పైడమ్మ గారు తొట్టి ముందు నిలబడి బీకర్లు తోముతోంది. తలుపు దగ్గరే నిలబడి చెప్పాడు. అక్షరం పోయింది తన చేతిలోనని, ఆవిడ పనిలో ఏ లోపమూ లేదని.

ఆవిడ కుళాయి కట్టేసింది.

"అయితే నా సారం బాగానే ఉందా?"

"బాగానే ఉందమ్మా. అన్నిసార్లూ."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది:

"రోజూ పొద్దున్నే గ్లాసు నిండా నీళ్లు పోసుకుని, చెయ్యి చాపి పట్టుకుని చూసుకుంటున్నాను బాబూ. వణుకుతోందేమోనని."

సుధాంశు అక్కణ్ణుంచి నేరుగా డైరెక్టరు గారి గదికి వెళ్లి ఆ కాగితం వెనక్కి తీసుకున్నాడు.

ఆ శుక్రవారం అందరూ కూర్చున్న సమావేశంలో అతను లేచి నిలబడ్డాడు. తాను పోగొట్టిన అక్షరం గురించి, ఆవిడ మీద రాసిన కాగితం గురించి, ఆవిడ ఇచ్చిన సలహాకి తానన్న మాట గురించి చెప్పాడు. అతని నిజాయితీకి ముచ్చటపడి వెనక వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

సుధాంశు అటు చూసి, వద్దని చెయ్యి ఊపాడు.