రాగి చల్లారేదాకా

రాజుగారింట పెళ్లికి రాగి గంగాళం కావాలి. కంచరి గురవాచారి సుత్తి పట్టాడు. అతని భార్య పేరిందేవి కొలిమితిత్తి ఊదుతోంది.

"నెలలు నిండిన మనిషి, కాస్త కునుకు తీయనివ్వండి దొరా," అన్నాడు గురవాచారి.

"సుత్తి ఆగిందో, కొరడా దెబ్బలే!" అన్నాడు దివాను.

మధ్యాహ్నం సుత్తి ఆగిపోయింది. దివాను కిర్రుచెప్పులతో ఊడిపడ్డాడు. పేరిందేవి గోడకానుకుని నిద్రపోతోంది.

"ఆపావేం?"

"ఆపకుండా కొడితే రాగి బిరుసెక్కి పగులుతుంది దొరా," గురవాచారి గొంతు తగ్గించాడు. "ఎర్రగా కాల్చాను. చల్లారితే మెత్తబడి మళ్లీ మాట వింటుంది."

దివాను పక్కనున్న నీళ్లతొట్టి చూశాడు. "ఇందులో ముంచితే చిటికెలో చల్లారదూ?"

"చల్లారుతుంది దొరా. కానీ చుయ్యిమంటుంది. ఆవిడ లేస్తుంది."

దివాను పేరిందేవి వైపు చూశాడు. తర్వాత చెప్పులు విప్పి, చేతబట్టుకుని, మునివేళ్ల మీద వెళ్లిపోయాడు.